కట్టినోడే విప్పాలి

మల్కాపురంలో తెల్లారిందని చెప్పడానికి కోడి అక్కర్లేదు. ముందు షిఫ్టు బస్సు హారను కొడుతుంది. తర్వాత ఎవరి మేడ మీదో ట్యాంకు నిండి పొర్లుతుంది, ఎవరూ వెళ్ళి మోటారు కట్టరు. ఆ తర్వాత కుసుమకుమారి మేడెక్కి, పంజరం మీద కప్పిన పాత లుంగీ తీసి, లవ్ బర్డ్స్‌కి కొర్రలు పోస్తుంది. ఆమె పోస్తుండగానే మెట్ల మీద టక్... సర్... టక్... సర్... అని చప్పుడు మొదలవుతుంది. టక్ అంటే ఆమె మొగుడు నీలకంఠం ఎడమకాలు. సర్ అంటే కుడికాలు. రెండు చేతుల్లో రెండు టీగ్లాసులు పట్టుకుని, ఒలికినంత ఒలకగా మిగిలిన టీ పైకి తెస్తాడు.

అతని కుడి పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంది. ఎదుటివాడు ఏదో అనేలోపే తానే అనేయడం అతనికి చిన్నప్పుడే అలవాటైంది. "నా కుడికాలికి ఎడంకాలంటే పేణం. అందుకే ఎప్పుడూ దాని కేసే సూత్తాది" అనేవాడు. అన్నాక ముందు తానే నవ్వేవాడు. ముందు నవ్వినవాడికి దెబ్బ తక్కువ తగులుతుందని అతని లెక్క.

పోర్టులో ఓడలు ఆగే ఒక ప్రైవేటు బెర్తులో అతను సిగ్నల్‌మ్యాన్. పైన క్రేనులో కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనబడదు. కింద నిలబడ్డవాడి చెయ్యే వాడి కన్ను. చూపుడువేలు ఆకాశం వైపు పెట్టి గుండ్రంగా తిప్పితే పైకెత్తమని. నేల వైపు పెట్టి తిప్పితే దించమని. పిడికిలి బిగిస్తే ఆగమని. మధ్యాహ్నం ఆపరేటర్లు క్యారేజీ విప్పుకునే వేళ నీలకంఠం నిచ్చెనెక్కి వాళ్ళ సీట్లో కూర్చునేవాడు. నిచ్చెన అతను కాళ్ళతో ఎక్కేవాడు కాదు, చేతులతో ఎక్కేవాడు. కాళ్ళు ఊరికే వెంట వచ్చేవి. అలా కూర్చుని కూర్చుని పని మొత్తం నేర్చేశాడు. ఆపరేటరు పోస్టు పడ్డ రెండుసార్లూ క్రేను నడిపి చూపించే ట్రేడు టెస్టులో అతనే ఫస్టు. రెండుసార్లూ మెడికల్లో పోయింది. నేల మీద తెల్లగీత గీసి నడవమంటారు. గీతేమో తిన్నగా పోతుంది. నీలకంఠం దానికి అటూ ఇటూ చుట్టాలందర్నీ పలకరించుకుంటూ పోతాడు.

ఇప్పుడు మూడోసారి పోస్టు పడింది. ట్రేడు టెస్టులో మళ్ళీ అతనే ఫస్టు. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతుంది. మెడికల్ వచ్చే బుధవారం.

అసలు గొడవ మాత్రం పెయింటుతో మొదలైంది.

పోర్టులో పనిచేసేవాళ్ళకి ఒక జబ్బుంది. తుప్పు పట్టేదానికీ పట్టనిదానికీ కూడా రంగు వేసేస్తారు. (ఈ కథ రాస్తున్నవాడు సొంతింటి గేటుకి వేసిన రంగు మూడు వానాకాలాలైనా ఆరలేదు కనుక ఈ విషయంలో ఎక్కువ మాట్లాడడు.) కుసుమ పంజరంలో పిట్టలు గుడ్లు పెట్టుకోడానికి మట్టికుండ వేలాడదీసి ఉంటుంది. కడిగీ కడిగీ ఆమె చేతులు ఒరుసుకుపోతున్నాయని నీలకంఠానికి జాలేసింది. ఓడలకి వేసే ఎనామిల్ మిగిలింది తెచ్చి, కుండ లోపల అద్దంలా పూసి, ఎండలో బాగా ఆరబెట్టి, ఆమె చూడకుండా మళ్ళీ తగిలించేశాడు. రెట్టలు గుడ్డతో తుడిస్తే వచ్చేస్తాయని అతని తెలివి.

ఆ కుండలో పచ్చ పెట్ట అయిదు గుడ్లు పెట్టింది. అంతకుముందు ఆ పెట్ట పొదిగిన గుడ్లన్నీ మురిగిపోయేవి. ఈసారి ఒక్కటి పగిలి పిల్ల బయటికొచ్చింది. కుసుమ వీధంతా బెల్లం పంచింది. పిల్లకి గులివింద అని పేరు కూడా పెట్టేసింది.

ఒంటిపిల్లకి ఆనుకోడానికి పక్కన ఇంకో పిల్ల లేదు. మీద తల్లి బరువు. కింద ఓడ పెయింటు. కాళ్ళు నిలదొక్కుకునే వయసొచ్చేసరికి గులివింద ఎడమకాలు కిందే ఉంది గానీ కుడికాలు పక్కకి జారి, గోడ వైపు చాపుకుపోయింది. కుండ దించి, పిల్లని అరచేతిలోకి తీసుకుని చూసింది కుసుమ. తర్వాత కుండలోకి వేలు పెట్టి రుద్దింది. వేలు జర్రున జారింది.

"ఏటిది మావా?"

నీలకంఠం టీగ్లాసులో చూశాడు. "నున్నగుంటాదని..."

"నున్నగుంటే పిల్ల ఎలగ నిలబడతాది? నీకాళ్ళకింద గ్రీజు పోసి నిలబడమంటే నిలబడతావేటి?"

"నానైతే గ్రీజు లేపోయినా..."

"నవ్వకు. ఇప్పుడు నవ్వకు."

అతను నవ్వలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాక ముందు నవ్వే విద్య మర్చిపోయాడు.

విశాఖపట్నంలో పిట్టల్ని పెంచే ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే ఇది. వంకరపోయిన పిట్టకాలికి ఎవరు కట్టు కడితే, కట్టున్నన్నాళ్ళూ ఆ వంకర వాళ్ళ కాలికి వస్తుంది. పిట్టకి ఎటు తిరిగితే మనిషికీ అటే తిరుగుతుంది. కట్టు విప్పగానే పోతుంది. తుమ్ము లాంటిదే, కాకపోతే కొన్నాళ్ళుంటుంది. ఆఫీసుల్లో ఎవరైనా కాలీడుస్తూ వస్తే "ఏటైంది?" అంటారు, "పావురం" అంటే ఇంకేం అడగరు. షరతు ఒక్కటే. కట్టినోడే విప్పాలి. వేరే చెయ్యి విప్పిందా, ఆ క్షణానికి పిట్ట ఎలా ఉందో పిట్ట, మనిషి ఎలా ఉన్నాడో మనిషి, అలాగే ఆగిపోతారు. పక్కసందులో నాగబాబు బాతుకి కట్టిన కట్టుని, ఏదో చెత్త అంటుకుందనుకుని వాళ్ళత్త కత్తిరించేసింది. అప్పట్నుంచీ నాగబాబు ఎడమకాలు ఈడుస్తాడు. బాతు, కట్టు లేకపోయినా రెండుకాళ్ళూ అతుక్కున్నట్టే గెంతుతుంది. ఇద్దరూ సాయంత్రంపూట కలిసే షికారుకెళ్తారు.

మామూలుగా ఆ వీధిలో పిట్టకాళ్ళన్నీ జగ్గయ్య కట్టేవాడు. ఒకప్పుడు ఓడల మీద తాళ్ళు బిగించిన చేతులు. ఇప్పుడు కిరాణాకొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడమే పని కాబట్టి కాళ్ళతో అవసరం లేదు. గులివిందని దోసిట్లో పెట్టుకుని మొగుడూ పెళ్ళాలు అతని దగ్గరికి పరిగెత్తారు. అంటే ఆమె పరిగెత్తింది.

జగ్గయ్య లుంగీ పైకి లాగి చూపించాడు. రెండు పాదాలూ రెండు దిక్కులు చూస్తున్నాయి.

"ఖాళీ లేదమ్మా. ఎడంది మీ తమ్ముడి పావురానిది. కుడిది ఎవుల్దో బాతుది. రెండూ బుక్కయిపోనాయి."

"ఎప్పటికి ఖాళీ అవుతాది తాతా?" అంది కుసుమ.

జగ్గయ్య పిల్ల కాలిని చిటికెనవేలితో కదిపి చూశాడు. "అప్పటిదాకా ఇది ఆగదు. ఇప్పుడైతే లేత తోటకూర కాడ. నాలుగు రోజులు పోతే వెదురుబద్ద. ఇయ్యాళే కట్టీయాల."

పక్కనే ఆటో ఆపుకుని కూర్చున్న కుసుమ తమ్ముడు గవర్రాజు అందరికంటే ముందు మాట్లాడాడు. "నాకు కుడికాలు బ్రేకు మీదుంటాది అక్కా. నాను కడితే ఊరు సచ్చిపోద్ది."

"నిన్నెవులడిగేర్రా? నాను కట్టుకుంటాను" అంది కుసుమ.

"మిసను ఎలగ తొక్కుతావు? పెళ్ళివోల్ల జాకెట్లున్నాయి కదా" అన్నాడు నీలకంఠం. తర్వాత గొంతు సర్దుకున్నాడు. "పాడుసేసినోడ్ని నాను. నానే కడతాను. ఎలాగూ వంకరకాలే. ఇంకొంచెం వంకరైతే కొత్తగా పోయేదేటుంది?"

"బుధారం నీకు మెడికలు కదా బావా!" అన్నాడు గవర్రాజు.

"రెండుసార్లు పోనాది. మూడోసారికి నా కాలు సూసి డాక్టరు ఆశ్చర్యపోడు."

జగ్గయ్య చెప్పినట్టే కట్టారు. అంట్లు తోమే స్పాంజిలోంచి ఒక చిన్న ముక్క కోసి రెండుకాళ్ళ మధ్య పెట్టి, మెత్తటి బ్యాండేజీ టేపు చుట్టాడు నీలకంఠం. మరీ బిగిస్తే రక్తం ఆగుతుంది, వదులైతే కాలు జారుతుంది. చుట్టినంతసేపూ ఊపిరి బిగబట్టాడు. గులివింద మాత్రం కియ్ మని అతని బొటనవేలు కొరికింది.

"వచ్చే గురువారం ఇప్పీ. రోజూ వేళ్ళు సూస్తుండు. గులాబీరంగులో ఉంటే సరే. నీలమొస్తే ఆ నిమిషమే ఇప్పీయాల, ఎవరేటన్నా సరే" అన్నాడు జగ్గయ్య.

మర్నాడు పొద్దున్న కుసుమ మేడ మీద కొర్రలు పోస్తోంది. మెట్ల మీద చప్పుడైంది. టక్. టక్. టక్. టక్.

"ఎవరది?" అని గట్టిగా అరిచింది.

"నానే!" అన్నాడు నీలకంఠం. అతని చేతుల్లో రెండు గ్లాసులూ నిండుగా ఉన్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు.

పిట్టకాలి వంకర బయటికి. అతని పుట్టువంకర లోపలికి. రెండూ ఒకే కాలి మీద చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. కుడిపాదం ముక్కుకి సూటిగా, ముందుకి చూస్తోంది. వీధిలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఓహో, ఎదురూ ఎదురూ పడ్డాది" అన్నాడు జగ్గయ్య. అంతే. ఆశ్చర్యపోయింది సందు మొదట్లో ఉండే కుక్కొక్కటే. పదేళ్ళుగా అతన్ని చూసి తోక ఊపే కుక్క ఆవేళ మొరిగింది.

నీలకంఠం ఆ రోజు నడిచాడు. పనిలేకపోయినా నడిచాడు. ఉప్పు కోసం వెళ్ళి, ఉప్పు మర్చిపోయి, మళ్ళీ వెళ్ళాడు. మెయిన్‌రోడ్డు పక్కన వేసిన తెల్లగీత మీద ఒకచోట నుంచి ఇంకోచోటికి నడిచి, వెనక్కి తిరిగి చూసుకున్నాడు. లారీవాడు తిట్టాడు. ఆ తిట్టు కూడా బాగుంది. మామూలు మనిషిని తిట్టినట్టు తిట్టాడు.

"బుధారం మెడికలు, గురువారం ఇప్పడం. దేవుడు లెక్కల మేస్టరు బావా!" అన్నాడు గవర్రాజు.

"మళ్ళీ ఇప్పేత్తే పోతాది కదరా."

"పోనీ. కాయితం మీద సంతకమయ్యాక కాలు ఎటు తిరిగితే ఎవులికి కావాల?"

ఒక్క విషయం మాత్రం నీలకంఠం ఎవరికీ చెప్పదల్చుకోలేదు గానీ జగ్గయ్య చూసేశాడు. ట్యాంకులో నీళ్ళెంతున్నాయో చూద్దామని ఇనపనిచ్చెన ఎక్కబోయాడు నీలకంఠం. చేతులు పట్టుకున్నాయి. కాళ్ళు కదల్లేదు. టేపు చుట్టిన గులివింద కాళ్ళలా వాటంతటవే రెండూ దగ్గరికి చేరి బిగుసుకున్నాయి. గడ్డం ముందుకి సాగి పైమెట్టుకి ఆనింది. నోరు తెరుచుకుంది. ఇనుము రుచి తగిలాక గాని తెలివి రాలేదు.

కింద వీధిలో తన కుర్చీలో జగ్గయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "సిలకజాతి ముక్కుతో ఎక్కుతాది నాయినా. నీకు ముక్కు సాల్దు!"

నీలకంఠం కూడా నవ్వాడు. మెడికల్లో నిచ్చెన లేదు కదా, గీతే కదా అనుకున్నాడు. ఉద్యోగం వచ్చాక పని ఎలా చెయ్యాలన్నది ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. ప్రపంచంలో చాలామంది చేసేది అదే.

బుధవారం ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, సూటిగా నడుచుకుంటూ బెర్తు ఆఫీసుకి వెళ్ళాడు. గేటు దగ్గర కుర్రగుమస్తా చెప్పాడు.

"డాక్టరు గారు మారిపోయారు. కొత్తావిడ సోమవారం చేరతారు. మెడికల్ సోమవారం."

"సోమారమా?"

"సోమవారమే. ఏం, పనుందా?"

నీలకంఠానికి ఒక్కసారి కాళ్ళకింద ఎవరో ఎనామిల్ పూసినట్టయింది.

గురువారం వచ్చింది. గులివింద ఒంటి మీద ఆకుపచ్చ ఈకల మొనలు లేస్తున్నాయి. కుసుమ కత్తెర తెచ్చి పక్కన పెట్టింది. నీలకంఠం పిల్లని తిప్పి చూశాడు. "వేళ్ళు గులాబీరంగే కదా. రేపు ఇప్పుదాం" అన్నాడు.  ఆమె కత్తెర అక్కడే ఉంచింది.

శుక్రవారం పిల్ల పెరిగింది. టేపు పెరగలేదు. టేపు అంచున చర్మం ఉబ్బింది. నీలకంఠానికి పొద్దుట్నుంచీ చెప్పులో కుడికాలి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. బెర్తులో నిలబడి చెయ్యెత్తి సిగ్నలిస్తున్నాడు గానీ మనసు వేళ్ళల్లోనే ఉంది. సాయంత్రం వచ్చి చూస్తే పిల్ల వేళ్ళు ముదురు గులాబీ. "ఇంకా నీలం కాదు కదా" అన్నాడు.

"నాను ఏటీ అనలేదు" అంది కుసుమ.

ఆమె ఏదైనా అంటే బాగుండుననిపించింది అతనికి. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేవాడు, నవ్వించేవాడు. రెండురోజులుగా ఆమె మిషను తొక్కుతోంది, కొర్రలు నానబెట్టి నలిపి పిల్లకి తినిపిస్తోంది. మెట్ల మీద టక్ టక్ వినబడినప్పుడల్లా మాత్రం ఉలిక్కిపడి తలెత్తుతోంది, ఎవరో పరాయివాడు వస్తున్నట్టు.

శనివారం మధ్యాహ్నం నుంచి గులివింద ఆపకుండా అరిచింది. సాయంత్రానికి అరుపు ఆగింది. ఆగడమే ఎక్కువ భయపెట్టింది. నీలకంఠం పని నుంచి రాగానే చెప్పు విప్పి చూసుకున్నాడు. తన కుడికాలి వేళ్ళు గిల్లినా తెలియడం లేదు. మేడెక్కాడు. గవర్రాజు అప్పటికే అక్కడ పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. కుసుమ ఒళ్ళో గులివింద. వేళ్ళ చివర్లు నేరేడుపండు రంగు.

గవర్రాజు గొంతు తగ్గించాడు. "బావా, నామాట ఇను. నువ్వు ఇప్పొద్దు. అక్క ఇప్పుద్ది."

"ఏటి?"

"వేరే సెయ్యి ఇప్పితే ఎక్కడోల్లక్కడ ఆగిపోతారు కదా. నాగబాబు సంగతి తెలీదేటి? పిట్టకి రక్తం ఆడతాది, సావదు. నీ కాలు ఇలగే ఉండిపోద్ది. సోమారానికే కాదు, జన్మకి. ఏళ్ళ తరబడి కింద నిలబడి సేతులూపినావు. ఇంకెన్నాళ్ళు ఊపుతావు?"

"మరి పిల్ల?"

"బతుకుతాది. గెంతుతాది. పిట్టే కదా బావా."

నీలకంఠం పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కత్తెర చేతిలోకి తీసుకుని ఉంది. ఆ చెయ్యి వణకడం లేదు. వణికితే అతనికి ఏదో ఒక దారి దొరికేది.

"తమ్ముడు సెప్పకముందే అనుకున్నాను" అంది కుసుమ. "నాను ఇప్పీనా మావా?"

 అతను ఊఁ అన్నా చాలు. అనకపోయినా చాలు, ఆమె విప్పేస్తుంది. పోర్టు వైపు నుంచి గాలి వీస్తోంది. మేడ మీద నుంచి క్రేనులు కనబడుతున్నాయి, మెడలు చాచిన కొంగల్లా. ఎక్కడో ఒకటి బరువెత్తుతోంది. కింద నిలబడి ఎవడో వేలు తిప్పుతూ ఉంటాడు.

ఆ చూపు తిప్పుకోబోతూ పంజరంలోకి చూశాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు. పంజరంలో ఒక పక్క అడ్డుగా తడిక కట్టి ఉంది. ఆ పక్కన నేల మీద పాత తువ్వాలు మడతపెట్టి పరిచి ఉంది. నీళ్ళగిన్నె కిందికి దించి ఉంది. పిట్టలు వాలే కర్రలు ఆ పక్కన లేవు.

"కర్రలేల తీసీసినావు?" అన్నాడు.

"ఇంక దానికెందుకు?" అంది కుసుమ. "కాళ్ళు రెండూ కలిసిపోయినాక కర్ర ఎలగ పట్టుకుంటాది? పైకెక్కి పడిపోద్దని తీసీసినాను."

గవర్రాజు ఏదో అనబోయాడు.

"నువ్వు నోరు మూసుకోరా కాసేపు" అన్నాడు నీలకంఠం. "ఇలగియ్యి కత్తెర."

"మావా, ఆలోసించుకో."

"ఆలోసించే కదా గురువారం నుంచి దాని వేళ్ళు ఇలగ సేసినాను. ఇలగియ్యి."

ఆమె ఇవ్వలేదు. అతను తీసుకున్నాడు. గులివిందని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టాడు. టేపు చర్మానికి అంటుకుపోయి ఉంది. కొబ్బరినూనె చుక్కలు వేసి, కత్తెర మొన టేపు కిందికి దూర్చాడు. పిల్ల కదిలితే కత్తెర కాలి మీదికే వెళ్తుంది. పిల్ల కదల్లేదు. అతని గుండె చప్పుడు మాత్రం అరచేతిదాకా వచ్చి దాన్ని ఊపుతోంది. టిక్ మంది. టేపు ఊడింది. స్పాంజి ముక్క రాలింది.

ఏమీ జరగలేదు. వేళ్ళు అలాగే నేరేడుపండు రంగులో ఉన్నాయి. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చూశారు. కుసుమ చిటికెనవేలితో ఆ వేళ్ళని మెల్లగా రుద్దింది. రుద్దింది. ఎంతసేపు రుద్దిందో. గవర్రాజు పైకి చూసి, "సింహాద్రప్పన్నా, ఆటోకి నీ పేరే రాయిస్తాను" అన్నాడు.

"ఇప్పటికే రాసుంది కదరా" అంది కుసుమ.

"మళ్ళీ రాయిస్తాను."

అప్పుడు నీలకంఠానికి కుడికాలి చిటికెనవేలిలో సూది గుచ్చినట్టయింది. తర్వాత పక్కవేలు. తర్వాత పాదమంతా చీమలు. "వస్తంది!" అని కేక పెట్టాడు. అరచేతిలో గులివింద వేళ్ళు ఊదా నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి గులాబీకి మారాయి. అది ఒక్కసారి తిరగబడి లేచింది. రెండుకాళ్ళూ కింద పెట్టింది. అటూ ఇటూ ఊగింది. కుడికాలు జారలేదు. ఒకడుగు వేసి అతని చూపుడువేలు ఎక్కి, ఆ చిన్న గోళ్ళతో చర్మం చీరుకుపోయేంత గట్టిగా పట్టుకుంది.

నీలకంఠం లేవబోయాడు. కుడిపాదం మెల్లగా, అలిగి వెళ్ళినవాడు ఇల్లు చేరినట్టు, ఎడమకాలి వైపు తిరిగింది. తూలి పిట్టగోడ పట్టుకున్నాడు. పంజరంలో కర్రలు మళ్ళీ కట్టి, పొద్దుటి ఖాళీ గ్లాసులు తీసుకుని కిందికి దిగాడు. టక్... సర్... టక్... సర్...

కుసుమ ఆ చప్పుడు చివరి మెట్టుదాకా విన్నది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, పైనుంచే అరిచింది. "ఆ పెయింటు డబ్బా ఎక్కడ దాసినావో గానీ మావా, నాను దిగేలోపు బయట పారీ!"

సోమవారం నీలకంఠాన్ని గవర్రాజు ఆటోలో దింపాడు.  బావ దిగుతుంటే, "జ్వరమొచ్చిందని సెప్పు బావా, ఇంకో వారం అడుగు. ఈలోపు ఏ పిట్టో దొరక్కపోదు" అన్నాడు.

"ఊల్లో పిట్టల కాళ్ళు ఇరగాలని మొక్కుకోమంటావేటి?" అని నీలకంఠం లోపలికి వెళ్ళాడు.

తెల్లగీత ఎప్పటిలాగే తిన్నగా ఉంది. దాని పక్కన బల్ల, బల్ల వెనక కొత్త డాక్టరు మధులత. వరసలో నీలకంఠం కంటే ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన నిరుడు కూడా వచ్చాడు, నిరుడు ఎడమకాలు ఎగరేస్తూ నడిచాడు. ఇవాళ గీత మీద కవాతు చేసినట్టు నడిచాడు.  ఆ నడక నీలకంఠానికి తెలుసు. ఆ సంబరమూ తెలుసు.

"బాగుంది" అంది డాక్టరు. "ఇప్పుడు ఆ నిచ్చెన ఎక్కండి."

"గీతే కదండీ?" అన్నాడు ఆయన.

"క్రేనుకి గీత లేదు కదా, నిచ్చెనుంది."

బయట క్రేను కాలికి వెల్డింగు చేసిన నిలువు నిచ్చెన. ఆయన వెళ్ళాడు. చేతులు వేశాడు. కాళ్ళు రెండూ దగ్గరికి చేరాయి. గడ్డం సాగింది. అందరూ చూస్తుండగా పైమెట్టుని కొరికాడు.

డాక్టరు కలం మూత పెట్టింది. "దిగండి. ముందు ఇంటికెళ్ళి ఆ పిట్టని చూసుకోండి. మిగతాది తర్వాత."

నీలకంఠం ముందుకొచ్చాడు. టక్... సర్... టక్... సర్... గీతకి ఇరువైపులా చుట్టాలందర్నీ పలకరిస్తూ బల్ల దాకా వచ్చాడు. డాక్టరు అతని పాదాన్ని చూసింది, తర్వాత మొహాన్ని.

"ఈ కుంటు మీదేనా, పిట్టదా?"

పిట్టది అంటే చాలు. పిట్టది నాలుగురోజుల్లో పోయేదని ఊరంతా ఒప్పుకుంటుంది, సంతకం పెట్టేస్తారు. ఆ మాట నీలకంఠం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అతని చూపుడువేలి మీద గులివింద గోళ్ళు గీరిన గీతలు ఇంకా మానలేదు.

"నాదేనమ్మా" అన్నాడు. "పిట్టది శనివారం ఇచ్చీసినాను."

ఆమె నవ్విందో లేదో తెలియలేదు. తలొంచుకుని ఉంది. "అయితే ఎక్కండి" అంది.

నిచ్చెన దగ్గరికి నడిచాడు. మొదటి మెట్టు పట్టుకున్నాడు. నోరు తెరుచుకోలేదు. చేతులు లాగాయి, కాళ్ళు వెంట వచ్చాయి. ఎడమకాలు మెట్టు మీద నిలబడితే కుడిపాదం లోపలికి తిరిగి, కొక్కెంలా మెట్టుని పట్టుకుంది. పుట్టినప్పట్నుంచీ అది నేర్చుకున్నది అదే. గాలి పెరిగింది. కింద మనుషులు కొర్రగింజలంత అయ్యారు. మల్కాపురం కప్పులు కనిపించాయి, వాటిలో ఒక మేడ, మేడ మీద ఎండలో ఆరేసిన పాత లుంగీ.

కిందికి చూశాడు. బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చిన డాక్టరు, చాల్లే దిగమని కాబోలు, చూపుడువేలు ఆకాశం వైపు పెట్టి గుండ్రంగా తిప్పుతోంది.

అన్నేళ్ళు కింద నిలబడి సిగ్నలిచ్చినవాడు సిగ్నల్ని కాదనగలడా? నీలకంఠం ఇంకా పైకెక్కాడు.